ప్రకటనలో చివరి లైను

జూన్ 3

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నీ ఉత్తరం మొన్న అందింది. నేను బాగానే ఉన్నాను. మరదలి నడుం నొప్పి తగ్గిందా? తడిబట్టల బకెట్లు నువ్వు మొయ్యి, చేతులేమీ అరిగిపోవు.

నువ్వు రాసిన సంగతి రెండుసార్లు చదివాను. ఇంటర్నెట్‌లో ప్రకటన వేస్తారట, ఒక్క పైసా తీసుకోరట, ఊళ్ళో అందరికీ కనిపిస్తుందట. ఒరేయ్, పైసా పుచ్చుకోకుండా నా దుకాణం గురించి ఊరంతా చెప్పిపెట్టేవాడికి నాతో ఏం పని? వాడు ఇంకేదో పట్టుకుపోతాడు. అదేమిటో ముందు కనుక్కుని రాయి.

దుకాణం సంగతి కిందటి నెల వచ్చినప్పుడు నువ్వే చూశావు. మా వీధిలో దర్జీలు ఆరుగురు ఉండేవాళ్ళు, ఇప్పుడు ఇద్దరు. మూలమీద కొత్త షోరూమ్ వచ్చింది. పాత కుట్టుమిషన్ ఇచ్చేసి కొత్తది పట్టుకెళ్ళమంటున్నారు. బాగుచేయించుకుందామన్న ఆలోచనే జనానికి రావడం లేదు. యూనిఫారాలు కుట్టే హాలు వాళ్ళ ముప్ఫైరెండు మిషన్లు నెలకోసారి చూసి వస్తున్నాను కాబట్టి నా షట్టర్ ఇంకా పైకి లేస్తోంది. ఆ పని పోయిన రోజున దుకాణానికి తాళం వేసి మీ ఇంటికొచ్చి కూర్చోవాలి. మీ ఆవిడ మంచిదే, కానీ నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు.

అందుకని సరే, వెయ్యి. నా ముఖం పెట్టొద్దు. నా వయసు రాయొద్దు. నా గురించి అసలేమీ రాయొద్దు, మిషన్ల గురించి రాయి. ఫోన్ నంబరు నీదే ఇవ్వు. ఫోన్ మోగితే చేతిలో పని ఆగిపోతోందని నాది తీయించేశానని నీకు తెలుసు కదా.

వెళ్ళేటప్పుడు అడిగావు, పనిబల్ల ఎదురుగా గోడకి అంత అద్దం ఎందుకని. వెలుతురు కోసం. గుమ్మం నా వీపు వెనక ఉంటుంది కదా, అద్దంలో పడిన వెలుతురు సూది మీదికి వస్తుంది. అడిగావు కాబట్టి చెప్పాను.

నీ అక్క


జూన్ 9

అక్కకు,

నమస్కారాలు. బకెట్లు నేనే మోస్తున్నాను. మీ మరదలు నీ ఉత్తరం నాకు ఇవ్వకముందే చదివేసి, ఆ పేరా కింద గీత గీసి ఇచ్చింది.

మా జిరాక్స్ షాపు ఓనరు భోజనానికి వెళ్ళిన గంటలో నీ దుకాణాన్ని లోకానికి పరిచయం చేసేశాను. మూడుచోట్ల వేశాను. మొదటిచోట కుట్టుమిషన్ అని కొట్టగానే అమ్ముతారా, కొంటారా అని అడిగింది. బాగుచేయడం అనే మాటే దానికి తెలిసినట్టు లేదు. వెతికి వెతికి 'ఇంటి పనులు' అన్న అరలో పెట్టాను. నీకు పైన ఎలుకల మందు పెట్టేవాళ్ళు, కింద గిటార్ నేర్పేవాడు. మంచి ఇరుగుపొరుగే.

వాళ్ళు ఏం పట్టుకుపోతారని అడిగావు కదా, నా నంబరు పట్టుకుపోయారు. పొద్దున్నుంచి ఇళ్ళస్థలాలు అమ్ముతామని నాకు ఒకటే ఫోన్లు. ఇంకొకడు నీ దగ్గరున్న మిషన్లన్నీ కొనేస్తాడట, నా ఫోన్‌కి వచ్చిన అంకెలు మాత్రం చదివి చెప్పాలట. నా చెవిలో పువ్వు పెట్టాలని చూశాడు, నేను వాడికి నాలుగు పెట్టి పంపాను.

ఒకసారి వేసి చేతులు దులుపుకుంటే కుదరదు. రెండు రోజుల్లో కొత్తవి వందొచ్చి మీద పడతాయి, మనది అడుక్కి పోతుంది. అందుకని ప్రతి సోమవారం తీసేసి మళ్ళీ వేస్తాను. నీ షరతు ప్రకారం ముఖం లేదు. కిందటి నెల వచ్చినప్పుడు తీసిన ఫోటోలోంచి మిషన్ మీద నీ చేతులు మాత్రం కత్తిరించి పెట్టాను. రాసింది ఇది:

"అన్ని రకాల కుట్టుమిషన్లు బాగుచేయబడును. ముప్ఫై ఏళ్ళ అనుభవం. తొక్కుడువి, మోటారువి, ఏ కంపెనీవైనా సరే. కంగారుపడి పారేయకండి, ఒకసారి చూపించండి. ఆదివారం సెలవు."

ఇంతే. నీ గురించి ఒక్క ముక్క లేదు. జనం వస్తే రాయి.

నీ తమ్ముడు


జూన్ 19

తమ్ముడికి,

ఆశీస్సులు. పెరట్లో కుళాయి కారుతోంది, దాని పని పట్టి ఇప్పుడే కూర్చున్నాను.

నీ ప్రకటన పనిచేస్తోంది. పది రోజుల్లో ఎనిమిదిమంది కొత్తవాళ్ళు వచ్చారు. నా అనుమానం కూడా అక్కడే మొదలైంది. మొదటాయన్ని వదిలేస్తే, తరవాత వచ్చిన ఏడుగురూ నా కుడిపక్కకే వచ్చి నిలబడ్డారు. వచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు ఎడమపక్కన ఉంది, ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది. ఖాళీ స్టూలుని కళ్ళారా చూసి కూడా, నూనె డబ్బాలు దాటుకుని మరీ ఇటువైపు వస్తున్నారు. ఒకావిడ వస్తూనే చెయ్యి ఊపింది, రైలెక్కినవాళ్ళకి ఊపినట్టు. ఇంకొకాయన "దా...రం... తె...గి...పో...తోం...ది" అని పలకమీద అక్షరాలు దిద్దబెట్టినట్టు చెప్పాడు. నేనేమన్నా పసిపిల్లనా? ఎవరు పంపారు మిమ్మల్ని అంటే, ప్రకటన చూసి వచ్చామండీ అని నవ్వుతారు. నాకు తెలియని సంగతేదో వాళ్ళందరికీ తెలిసినట్టుంది ఆ నవ్వు.

అందరికంటే ఒక పొడుగాయన మీద నాకు గట్టి అనుమానం. ఈ ఎండల్లో చెవుల మీదికి దిగిన టోపీ పెట్టుకొచ్చాడు. మిషన్ తెచ్చాడు. చక్రం తిప్పి చెయ్యి పెట్టి చూశాను, దానికి ఏ జబ్బూ లేదు, నున్నగా తిరుగుతోంది. మరెందుకు తెచ్చారన్నాను. మళ్ళీ గట్టిగా అడిగాను. పెరట్లోకి వెళ్ళే వెనక తలుపుకేసి చూస్తూ నిలబడ్డాడు. ముఖం చూసి మాట్లాడదామని నేను ఇటు జరిగితే ఆయన ముఖం అటు తిప్పుకుంటాడు. నేను అటు వెళితే ఇటు తిప్పుకుంటాడు. అలా పనిబల్ల చుట్టూ ఇద్దరం రెండుసార్లు తిరిగాం. చివరికి మిషన్ ఎత్తుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

దొంగ అయినా అయ్యుండాలి, షోరూమ్ వాళ్ళు ఆరా తీయడానికి పంపిన మనిషైనా అయ్యుండాలి. నువ్వు నాకు రాసి పంపింది కాక ఇంకేమన్నా వేశావా? నిజం చెప్పు.

అక్క


జూన్ 25

అక్కకు,

నమస్కారాలు. వేసిందేదో నీకు రాసి పంపాను కదా. కుడిపక్క నిలబడితే ఫ్యాన్ గాలి తగులుతుంది, అందుకని అటు వస్తున్నారేమో. నువ్వు ప్రతిదానికీ అలా ఆలోచిస్తే ఎలా?

నాకూ ఒక అనుమానం ఉంది, ఏమీ అనుకోనంటే చెబుతాను. నీ దగ్గరికొచ్చిన ఒకావిడ నాకు ఫోన్ చేసి, "మిషన్ ఇద్దామని వెళితే మీ అక్కయ్యగారు ఏ వీధి, ఎవరు పంపారు, మీ ఆయన ఏం చేస్తాడు అని పోలీసుల్లా అడిగారండీ" అంది. ఇక్కడ నేను నానా తంటాలు పడి జనాన్ని పోగేస్తుంటే గుమ్మంలో నువ్వు చెదరగొడుతున్నావా? ఈ ప్రకటన నీకు మొదటినుంచీ ఇష్టం లేదని తెలుసు. ఇష్టం లేకపోతే చెప్పు, మానేస్తాను.

ఆ పొడుగాయన సంగతి మాత్రం నువ్వన్నది నిజమే. అందరూ ఫోన్ చేసి అడ్రసు కనుక్కుంటారు, అతను మెసేజ్ పెట్టాడు. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడుసార్లు చేశాను. ఎత్తకుండానే "దయచేసి రాసి పంపండి" అని మళ్ళీ మెసేజ్. గొంతు బయటపెట్టకుండా పని కానిచ్చుకునేవాళ్ళంతా ఇదే బాపతు. ఫోన్ ఎత్తని మనిషిని నమ్మకూడదక్కా. మళ్ళీ వస్తే లోపలికి రానీయకు. వెనక తలుపు గడియ వేసుకో.

నడుం నొప్పి తగ్గిందని మీ మరదలు రాయమంది. బకెట్లు మాత్రం ఇంకా నావే.

తమ్ముడు


జూలై 2

తమ్ముడికి,

ఫోన్ ఎత్తనివాళ్ళని నమ్మకూడదని రాశావు. సరే.

ఫ్యాన్ ఎడమపక్కన ఉంది. స్టూలు మీద సరిగ్గా గాలి తగిలేలా మన నాన్నే బిగించాడు.

ఆ పొడుగాయన మళ్ళీ వచ్చాడు, అదే మిషన్, అదే టోపీ. వెనక తలుపు గడియ వేసి, బల్లమీద సుత్తి చేతికందేలా పెట్టుకున్నాను. ఈసారి ఆయన నా చేతుల్నే చూస్తూ అరగంట నిలబడ్డాడు. నేను పని ఆపితే చూపు సుత్తి మీదికి వెళ్ళేది. ఏం కావాలని అడిగితే జేబులోంచి ఏదో తీయబోయి, నేను లేవడం చూసి మళ్ళీ లోపల పెట్టేసుకున్నాడు. రాత్రి నిద్ర పట్టలేదు. అది వదిలెయ్యి, చెప్పాల్సింది వేరే ఉంది.

మొన్న ఒక మోటారు ఇచ్చి రావడానికి యూనిఫారాల హాలుకి వెళ్ళాను. సూపర్‌వైజరమ్మ, ఇంకో ఇద్దరు అమ్మాయిలు ఫోన్ చుట్టూ తలలు పెట్టి నవ్వుతున్నారు. నన్ను చూడగానే ఫోన్ కిందికి దించింది. దించేలోపే చూశాను. అందులో నా చేతులున్నాయి. నా బొటనవేలి మీద మచ్చ నాకు తెలియదా? తరవాత ఆవిడ నా కుడిపక్కకి వచ్చి, పద్దెనిమిదో తారీఖున పనికి వచ్చినప్పుడు అయ్యాక ఆగండి, మీతో మాట్లాడాలి అంది. ఆవిడ కూడా కుడిపక్కకే వచ్చింది. హాలు పని పోయినట్టే అనుకున్నాను.

నిన్న ఒక కొత్తావిడ వచ్చి ఇటే నిలబడితే, అటు స్టూలుంది కూర్చోండి అన్నాను. "చివరి లైన్లో రాశారు కదండీ" అంది. నువ్వు పంపిన కాగితం తీసి చూశాను. చివరి లైను ఆదివారం సెలవు. ఆదివారం సెలవని చదివి ఎవరన్నా కుడిపక్కకి వచ్చి నిలబడతారా?

నీళ్ళు నమలకుండా ఆ లైను రాసి పంపు.

అక్క


జూలై 6

అక్కా,

తప్పయిపోయింది. ఆ లైను ఇది:

"దుకాణానికి వచ్చినవారు ఆవిడ కుడిపక్కన, ముఖం కనిపించేలా నిలబడి, తొందరపడకుండా మాట్లాడగలరు. ఆవిడకు వినికిడి తక్కువ. మిషన్ జబ్బు మాత్రం చేత్తో పట్టి చెబుతారు."

జూన్ తొమ్మిదిన నీకు పంపిన కాగితంలో అబద్ధం లేదు. అప్పటికి ఆ లైను లేదు. మర్నాడు ఒకాయన ఫోన్ చేశాడు. గుమ్మంలోంచి నాలుగుసార్లు పిలిచాడట, నువ్వు తల వంచుకుని పనిచేస్తూ పలకలేదట. "అంత పొగరైతే ప్రకటనలెందుకు" అని నన్ను తిట్టి పెట్టేశాడు. నిన్ను పొగరుబోతు అనడం నేను పడలేకపోయాను. ఆ కోపంలోనే కూర్చుని చేర్చేశాను. చేర్చాక నీకు చెప్పే ధైర్యం లేకపోయింది.

నాకెలా తెలుసని అడుగుతావు. ఎడమ చెవి కొంచెం మందమని మాత్రమే నువ్వు నాకు చెప్పావు. కిందటిసారి వచ్చిన రోజున నువ్వు గుమ్మానికి వీపుపెట్టి బాబిన్ కేసు తుడుస్తున్నావు. అక్కా అన్నాను. మళ్ళీ అన్నాను. మూడోసారి అరిస్తే వీధిలోవాళ్ళు తిరిగి చూశారు, నువ్వు తిరగలేదు. నేను బయటికి వెళ్ళి, మెట్లమీద కాసేపు కూర్చుని, మళ్ళీ వచ్చి నీ బల్ల ముందుకి నడిచాను. ఏరా, ఎప్పుడొచ్చావు అన్నావు. ఇప్పుడే అన్నాను. ఫోన్ ఎందుకు తీయించేశావో కూడా నాకప్పుడే అర్థమైంది.

హాలు పని పోతే ఆ పాపం నాదే. నేను వచ్చి సూపర్‌వైజరమ్మతో మాట్లాడనా?

తమ్ముడు


జూలై 9

తమ్ముడికి,

రావొద్దు. ఆవిడతో మాట్లాడొద్దు. ఆ లైను తీసెయ్యి. లైను కాదు, ప్రకటనే తీసెయ్యి, మూడుచోట్లా.

ఆరేళ్ళు దాచుకున్నాను. మెకానిక్‌కి చెవులు లేవంటే మిషన్ ఎవరిస్తారు? వచ్చేవాళ్ళ పెదవులు చూసి, కాళ్ళ కింద నేల అదిరితే పసిగట్టి, నవ్వాల్సినచోట నవ్వి నెట్టుకొచ్చాను. నా గురించి ఒక్క ముక్క రాయొద్దన్నాను, అదొక్కటే అడిగాను నిన్ను. ఎదురు వరస దర్జీ, పద్దెనిమిదేళ్ళుగా నా చేతి పని తప్ప ఎరగనివాడు, మొన్న మిషన్ రిక్షాలో పెట్టుకుని నా గుమ్మం ముందునుంచే షోరూమ్‌కి వెళ్ళాడు. ముఖం చాటేశాడు. వాడి భార్యకి నీ ప్రకటన ఎవరో చూపించారట.

పద్దెనిమిదిన హాలుకి వెళ్ళి ఆవిడ చెప్పేది విని వస్తాను. విని అని రాశాను చూడు.

అక్క


జూలై 12

అక్కా,

మూడూ తీసేశాను. ఒకచోట తీస్తుంటే "మీ పని జరిగిందా?" అని అడిగింది. లేదు అని నొక్కాను.

ఇంకేం రాయాలో తెలియడం లేదు. పద్దెనిమిదిన ఏమైందో రాయి. రెండు ముక్కలైనా చాలు.

తమ్ముడు


జూలై 20

తమ్ముడికి,

ఆశీస్సులు. ముందుగా, నీ మీద కోపం తగ్గలేదు. దాన్ని పక్కన పెట్టి రాస్తున్నాను.

పద్నాలుగున పొడుగాయన మూడోసారి వచ్చాడు. ఈసారి గుమ్మంలోనే నిలబడి, జేబులోంచి మొన్న తీయబోయింది తీశాడు. చిన్న నోటుపుస్తకం. అందులో ముందే రాసుకొచ్చాడు: "నేను దర్జీని. రెండేళ్ళనుంచి వినపడడం లేదు. కుడి చెవి కొంచెం పనిచేస్తుంది, అందుకని మీ మాట కోసం ముఖం పక్కకి తిప్పుతాను. మిషన్ చెడిపోయే ముందు చేసే చప్పుడు తెలియక ఇప్పటికి రెండు మిషన్లు పాడుచేసుకున్నాను. మీరు చేత్తో ఎలా కనిపెడతారో చూసి నేర్చుకుందామని వచ్చాను. అడగడానికి మొహమాటమైంది. మొదటిసారి వచ్చినప్పుడు బల్లమీద సుత్తి లేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన చెవి తిప్పుకుంటే ముఖం దాస్తున్నాడనుకున్నాను. ముఖం కోసం నేను చుట్టూ తిరిగితే నాకేదో తిక్క అని ఆయన అనుకుని ఉంటాడు. నువ్వేమో మూడుసార్లు ఫోన్ చేసి ఎత్తలేదని దొంగని చేశావు. మీ అక్క ఫోన్ ఎత్తి ఎన్నేళ్ళయిందిరా?

సుత్తి తీసి పెట్టెలో పెట్టాను. ఆయన అరచెయ్యి మిషన్ మెడ మీద ఆనించి, కింద దారం అందించే షటిల్ దగ్గర మర ఒకటి కొంచెం వదులుచేసి చక్రం తిప్పాను. అరచేతికి సన్నటి అదురు తగులుతుంది, చీమ నడిచినంత. మొదట ఆయనకి తెలియలేదు. కళ్ళు మూసుకోమన్నాను, అంటే సైగ చేశాను. ఐదోసారికి తెలిసింది. చెవి మిషన్ కనపడకుండా పెట్టుకున్న టోపీ తీసేసి నవ్వాడు. మనిషి మంచివాడులాగే ఉన్నాడు. ఇంకా గమనిస్తున్నాను.

ఇక పద్దెనిమిది. హాల్లో ముప్ఫైరెండు మిషన్లూ చూశాను. అయ్యాక సూపర్‌వైజరమ్మ నన్ను కూర్చోబెట్టింది. ఆవిడ నోరు తెరవకముందే, నాకు వినపడదు, ప్రకటనలో రాసింది నిజమే, మానిపిస్తే ఇప్పుడే చెప్పండి అనేశాను. ఆవిడ వింతగా చూసింది. "ఇక్కడ ఎవరికి వినపడుతుందమ్మా? ముప్ఫైరెండు మిషన్లు ఒక్కసారి తిరుగుతుంటే మేమందరం సైగలే కదా. మీకు ముందు వచ్చే మెకానిక్, చప్పుడు వినాలని హాలంతా ఆపించేవాడు. పూట పని పోయేది. మీరు ఒక్కరోజూ ఆపించలేదు. నడుస్తున్నవాటి మీదే చెయ్యి వేసుకుంటూ పోయి, ఇదీ అని చూపిస్తారు. అందుకే మిమ్మల్ని పెట్టుకున్నాం" అంది. ఆరోజు ఎందుకు నవ్వారని అడిగాను. ఫోటోలో చేతులు ఎవరివో వెంటనే పోల్చేసి, మన మెకానికమ్మే అని సంబరపడ్డారట. మాట్లాడాలన్నది వేరే సంగతి. పక్క వీధిలో రెండో హాలు తెరుస్తున్నారు, అక్కడ ఇరవై మిషన్లు, అవీ చూడమని. సాయంగా అమ్మాయిలిద్దరికి చెయ్యి పెట్టి చూడడం నేర్పమంది. నేర్చుకున్నాక నన్ను మానిపిస్తారా అని మొహం మీదే అడిగేశాను. మానిపించం అని రెండుసార్లు చెప్పింది, పెదవులు స్పష్టంగా కదిలాయి. చూద్దాం.

దర్జీ మాత్రం తిరిగి రాలేదు. అది నీ ఖాతాలో వేశాను.

ఇంకొకటి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ అద్దం వెలుతురు కోసం కాదు. వెనక ఎవరన్నా వస్తే తెలియాలని. పనిలో తల వంచుకుంటే అదీ కనపడదనుకో. ఆరోజు నువ్వు మూడోసారి పిలిచేటప్పుడు తల ఎత్తాను. అద్దంలో నీ నోరు తెరుచుకుని ఉంది, అక్కా అని. అప్పటికి ఎంతసేపటినుంచి పిలుస్తున్నావో తెలియదు. తిరుగుదామనుకునేలోపు నీ ముఖం మారిపోయింది. చిన్నప్పుడు జాతరలో తప్పిపోయి దొరికిన రోజున కూడా నీ ముఖం అలా లేదు. ఇక తిరగలేకపోయాను. నువ్వు బయటికి వెళ్ళి మెట్లమీద కూర్చోవడమూ చూశాను, కళ్ళు తుడుచుకోవడమూ చూశాను. నువ్వొచ్చి ఇప్పుడే వచ్చానంటే, నమ్మినట్టు ఊరుకున్నాను. ఇద్దరిలో ఎవరం ఎక్కువ అబద్ధమాడామో నువ్వే చెప్పు.

ప్రకటన మళ్ళీ వెయ్యి. సోమవారం సోమవారం తిప్పి రాస్తానని నీ తెలివి చూపించొద్దు, ఇది నేను రాసింది:

"కుట్టుమిషన్లు బాగుచేస్తాను. నాకు ఎడమ చెవి వినపడదు, కుడిది సగం. మిషన్ జబ్బు చేత్తో చూసి చెబుతాను. ముఖం చూపించి మాట్లాడండి, లేదా రాసి చూపించండి. ఫోన్ ఎత్తలేనివాళ్ళు మెసేజ్ పెట్టవచ్చు, మా తమ్ముడు జవాబిస్తాడు. స్టూలు కుడిపక్కకి మార్చాను. ఆదివారం సెలవు."

ఇంతే. వేశాక మూడుచోట్లదీ ప్రింటు తీసి పోస్టులో పంపు. చివరి లైను దాకా చదువుతాను.

నీ అక్క